అర గ్లాసు నీళ్లు

2019 ఎండాకాలంలో దేవరకొండ వైపు ఒక సర్కారు దవాఖానలో డయాలిసిస్ టెక్నీషియన్‌గా చేరాను. మాది పాలమూరు జిల్లాలో చిన్న ఊరు. అంతకు ముందు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేశాను. ప్రభుత్వం తన ఖర్చుతో జిల్లాల్లో డయాలిసిస్ సెంటర్లు తెరుస్తోందని, అందులో కాంట్రాక్టు కొలువు ఖాళీ ఉందని తెలిసి వచ్చాను. మూత్రపిండాలు పనిచేయని మనిషి రక్తాన్ని మిషన్‌లోకి తీసుకుని, శుభ్రం చేసి, ఒంట్లో పేరుకున్న నీటిని లాగేసి, తిరిగి ఒంట్లోకి పంపడం మా పని. ఒక్కొక్కరికి నాలుగు గంటలు. వారానికి మూడుసార్లు. మానేయడానికి వీల్లేదు, బతికినన్నాళ్లూ చేయించుకోవాల్సిందే.

కిరాయి గది కోసం తిరిగినప్పుడు మొదటి ఇంటావిడ తలుపు తీయకముందే "మీరేం కులమోళ్లమ్మా?" అని అడిగింది. చెప్పాను. గది నిన్ననే ఎవరికో మాట ఇచ్చామంది. రెండో ఇంట్లోనూ గది నిన్ననే పోయింది. చివరికి చర్చి వెనుక ఒక రేకుల గది దొరికింది. పొద్దున వండుకున్నది డబ్బాలో పెట్టుకుని వెళ్లడం, సాయంత్రం వచ్చి తాళం తీసుకోవడం. అమ్మకు ఫోన్ చేస్తే "తిన్నవా బిడ్డా" అనేది, తిన్నాననేదాన్ని. ఆ రెండు మాటలే రోజు మొత్తానికి నాతో ఎవరైనా ఆడిన సొంత మాటలు. వార్డులో మాటలుంటాయనుకుంటారేమో, ఉండవు. సూదులు పెట్టగానే చాలామంది తువ్వాలు మొహం మీద కప్పుకుని అటు తిరిగి పడుకుంటారు. అయిదు మంచాలు, అయిదు మిషన్లు, వాటి చప్పుడు. నేను స్టూలు మీద కూర్చుని బీపీలు రాసుకునేదాన్ని.

సెంటర్ రాకముందు ఇక్కడి రోగులు ఎట్లా బతికారో నాకు లింగయ్య చెప్పాడు. అతనికి పాత జీపు ఉండేది. తెల్లవారుజామున రోగుల్ని ఎక్కించుకుని హైదరాబాద్ తీసుకుపోయి, పొద్దుగుంకాక తెచ్చి దింపేవాడు. రోగితో పాటు ఇంట్లో మరొకరు తోడు పోవాలి, ఆ రోజు వాళ్ల కూలి కూడా పోతుంది. అక్కడ ఇద్దరి తిండి ఖర్చు, మందుల ఖర్చు. ముందు మేకలు అమ్ముడుపోయేవి, తర్వాత ఎడ్లు, తర్వాత రోడ్డు పక్క చెలక భూమి. చెలక కొన్నవాళ్లు రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. సెంటర్ తెరవగానే లింగయ్య జీపు ఖాళీ అయింది. ప్రభుత్వాన్ని వారం రోజులు నోటికొచ్చినట్టు తిట్టి, జీపు అమ్మి ఆటో కొన్నాడు. ఇప్పుడు అవే ఊళ్ల నుంచి అవే మనుషుల్ని మా దగ్గరికే తెస్తాడు.

గేటు బయట కూడా ఒక చిన్న బజారు పుట్టింది. ఇడ్లీ బండి, చాయ్ డబ్బా, పండ్ల బుట్టలు. కొబ్బరిబోండాల బండి ఒకటి వస్తే దానితో నాకు పెద్ద యుద్ధమే నడిచింది. బోండంలో పొటాషియం ఉంటుంది, కిడ్నీ రోగికి అది గుండెను ఆపేస్తుంది. బంధువులేమో చలవ చేస్తుందని కొని తాగిస్తారు. "నా పొట్ట గొడుతున్నవ్ మేడం" అని అతను, "నువ్వు వీళ్ల పానం తీస్తున్నవ్" అని నేను. చివరికి కాన్పుల వార్డు గేటు దగ్గరికి పంపించాను. అక్కడ బేరం ఇంకా బాగుందట, పండుగకు నాకే ఒక బోండం ఇచ్చిపోయాడు. ఈ సెంటర్ల మీద సర్కారు ఇంత ఖర్చు పెడుతోందని పేపర్లలో రాస్తారు. అమ్ముడుపోకుండా మిగిలిన చెలకల గురించి, పోకుండా నిలిచిన కూలి గురించి రాసినవాళ్లను నేను చూడలేదు. నాకు అది చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

మా రోగుల్లో నర్సిరెడ్డి, ఏసోబు ఒకే ఊరివాళ్లు. మర్రిగూడ వైపు ఊరు. నర్సిరెడ్డికి అరవై దాటాయి. హైదరాబాద్ తిరుగుడుకు సగానికి పైగా భూమి అమ్ముకున్నాక మా దగ్గరికి వచ్చాడు. ఏసోబు ఆయన పొలంలో చాలా ఏళ్లు పనిచేసిన మనిషి. కిడ్నీలు పోయాయని తెలిసినప్పుడు హైదరాబాద్ మాటే అనుకోలేదట. "ఎన్ని దినాలుంటె గన్ని దినాలు అనుకొని ఇంటికాడ పండుకున్న సిస్టరమ్మా. గింతల గిది తెరిసిండ్రు" అన్నాడు. తెరవకపోతే ఒకరు భూమిలేనివాడయ్యేవాడు, ఒకరు మనిషే ఉండేవాడు కాదు. వాళ్లిద్దరికీ పక్కపక్క మంచాలు పడ్డాయి. నేను వేసినవి కావు, వరుసలో అట్లా వచ్చాయి.

మొదటి వారం సూది పెడుతుంటే నర్సిరెడ్డి "మీరేం కులమోళ్లు బిడ్డా?" అని అడిగాడు. చెప్పాను. సూది మీంచి కళ్లు తీయకుండానే చెప్పాను. ఆయన గోడవైపు తిరిగాడు. ఏసోబు పక్క నుంచి మంచం మార్చమంటాడని, అడిగితే ఏమనాలో మాటలన్నీ లోపల సిద్ధం చేసుకున్నాను. ఆయన అడగలేదు. ఎన్ని రోజులు గోడను చూశాడో గాని, ఒకరోజు ఏసోబుకు కాళ్లు గుంజుతుంటే ఇటు తిరిగి "ఏసోబూ, మడిమె తన్నిపట్టు, తగ్గుతది" అన్నాడు. "ఔ పటేలా" అని అతను మడిమె తన్నిపట్టాడు. అక్కడి నుంచి ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలైంది. పత్తి, అడవిపందులు, ఎప్పుడో ఎండిపోయిన బోర్లు. నా వార్డులో మాటలు వినిపించడం అదే మొదలు. నేను స్టూలు వాళ్లవైపు జరుపుకున్నాను.

కొన్నాళ్లకు నర్సిరెడ్డి బరువు నన్ను భయపెట్టసాగింది. మా పనిలో డ్రై వెయిట్ అనే మాట ఉంది. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు మనిషి ఉండవలసిన బరువు. మూత్రం రాని మనిషి తాగిన ప్రతి చుక్కా ఒంట్లోనే నిలుస్తుంది, కాబట్టి మిషన్ ఎక్కే ముందు తూచి, ఎంత పెరిగితే అంత నీరు తీస్తాం. ఒకటి రెండు కిలోలు పెరగవచ్చు. ఈయన నాలుగు, అయిదు కిలోలు పెరిగి వచ్చేవాడు. అంత నీరు నాలుగు గంటల్లో లాగితే బీపీ పడిపోతుంది, లాగకపోతే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. నేను కోప్పడేదాన్ని. ఆయన భార్య సత్తెమ్మ గీత పెట్టిన సీసా తెచ్చి చూపించేది. "రోజుకు గింతే ఇస్తున్న బిడ్డా. చెంబులు గూడ దాసిపెట్టిన" అనేది. ఆమె మొహం చూస్తే అబద్ధం అనిపించేది కాదు. పచ్చడా, ఉప్పు చేపలా అని అన్నీ అడిగాను. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఒక సోమవారం లింగయ్య ఆటో గేటు దగ్గర ఆగకుండా నేరుగా వరండాలోకి వచ్చింది. నర్సిరెడ్డి కూర్చోలేకపోతున్నాడు, పడుకోలేకపోతున్నాడు. ప్రతి శ్వాసకూ గొంతులో గుళగుళమని చప్పుడు. శని, ఆదివారాలు వాళ్లకు డయాలిసిస్ ఉండదు, ఆ రెండు రోజుల నీరంతా ఊపిరితిత్తులకు ఎక్కింది. డాక్టరుగారు ఆక్సిజన్ పెట్టించారు, నేను సూదులు పెట్టి మిషన్ నడిపించాను. రెండు గంటలకు గానీ ఆయన రెండు మాటలు కలిపి మాట్లాడలేకపోయాడు.

"చావాలని ఉందా నర్సిరెడ్డిగారూ? ఎక్కడ తాగుతున్నవ్ గిన్ని నీళ్లు?" అని అరిచాను.

సత్తెమ్మ ఏడుస్తూ సీసా పైకెత్తింది. గుమ్మంలో నిలబడ్డ లింగయ్య తల గోక్కుని, "ఇంట్ల తాగితె గద మేడం. పటేలు పొద్దుమాపు ఏసోబోళ్ల వాడకే పోతుండు. గీ ఇంట్ల ఓ గ్లాసు, గా ఇంట్ల ఓ గ్లాసు. నేను రోజు సూస్తున్న" అన్నాడు.

పక్క మంచం మీద ఏసోబు లేచి కూర్చోబోయాడు. చేతికి సూదులున్నాయి, నేను భుజం పట్టి ఆపాను.

"మా ఇంటామె మార్త ఒక్కతే ఇస్తుందనుకున్న పటేలా. అన్ని ఇండ్లల్ల తాగుతున్నవా?"

"నీ ఇంట్ల తాగి పక్కింట్ల వద్దంటె ఏమన్న బాగుంటదా ఏసోబూ?"

"దవాఖానోళ్లు తాగొద్దన్నరు అని చెప్పొచ్చు గద" అన్నాను.

నర్సిరెడ్డి మాస్కు పక్కకు జరుపుకుని ఆగి ఆగి మాట్లాడాడు. "చెప్పొచ్చు బిడ్డా. మా తాత వాళ్లింట్ల నీళ్లు వద్దన్నడు. మా నాయిన వద్దన్నడు. నేను గూడ గిన్నేండ్లు వద్దన్న. గిప్పుడు మల్ల వద్దంటె, గిది కిడ్నీలకోసం అంటున్న అని వాళ్లకెట్ల తెలుస్తది?"

ఏసోబు నావైపు తిరిగి చెప్పాడు. "మా అమ్మ వీళ్ల బాయికాడ కుండ పట్టుకొని నిలవడేది సిస్టరమ్మా. ఎవలన్న పైనుంచి పోస్తెనే నీళ్లు. గా కుండల నీళ్లు తాగే మా అమ్మకు నడుం వంగిపోయె, గా ఫ్లోరైడ్ తోని. గిప్పుడు మా ఇంటి ముంగట నల్లా ఉన్నది, కృష్ణ నీళ్లు. గా నల్లా నీళ్లు పటేలు మా గడపల కూసొని తాగుతుంటె మావోళ్లు ఎంత సంబురపడుతున్నరో నీకు తెల్వది. ప్రతి ఇంటోళ్లు పిలుస్తరు. ఒక్క గ్లాసేనాయె అనుకుంటరు."

నాకు తెల్వదని అతను అన్నాడు గాని, నాకు తెలియకపోవడమేమిటి? మా అమ్మ కూడా అట్లా నిలబడ్డ మనిషే. కోపం ఎటో పోయింది, ఏడుపు వచ్చింది. మిషన్ చూస్తున్నట్టు అటు తిరిగాను.

ఆ మిగిలిన గంటల్లో నర్సిరెడ్డి ఇంకొంత చెప్పాడు. జబ్బు అని తెలిశాక తన వీధిలో పలకరింపులు తగ్గిపోయాయి. భూములు అమ్మాడు, అప్పు అడుగుతాడేమోనని కొందరు తప్పుకున్నారు. అరుగు మీద కూర్చుంటే పోయేవాళ్లు మొహం తిప్పుకుని పోతారు. ఇంట్లో భార్య, ప్రేమకొద్దీ, చెంబు దాచిపెడుతుంది. "వాడల పోతె, 'రా పటేలా కూసో' అంటరు బిడ్డా. ఒక్క గ్లాసు నీళ్లియ్యనీకి మనిషి ఇంట్లనుంచి లేసి వస్తది" అన్నాడు. డాక్టరుగారు ఇకనుంచి వాడకు వెళ్లొద్దని గట్టిగా చెప్పి పోయారు. చెప్పడం ఆయన ధర్మం. నాకైతే ఆ మాట నర్సిరెడ్డిని ఇంకో రకంగా చంపుతుందనిపించింది.

బుధవారం ఇద్దరూ వచ్చారు. తూచాను. నర్సిరెడ్డి బరువు కిలో మీద కొంచెం పెరిగింది, అంతే. తూకం మిషన్ తప్పు చూపిస్తోందేమోనని మళ్లీ నిలబెట్టాను. ఏసోబు మంచం మీద నవ్వుతున్నాడు.

"వాడకు పోలేదా?" అన్నాను.

"పోయిండు. నేనే తోలుకపోయిన."

ఏం చేశాడో లింగయ్య చెప్పాడు. ఏసోబు ముందురోజు సాయంత్రం నర్సిరెడ్డిని తన గడపలో కూర్చోబెట్టి, వాడ వాళ్లందర్నీ అక్కడికే పిలిచాడట. మార్తమ్మ చాయ్ తాగే చిన్న స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చింది. ఏసోబు అందులో సగం తాను తాగి, గ్లాసు కడగకుండా మిగతా సగం నర్సిరెడ్డికి ఇచ్చాడు. "మా ఇద్దరికి డాక్టరు రాసిచ్చింది గింతే. రోజుకొక ఇంట్ల, ఇద్దరికి ఒక గ్లాసు. ఎవలింటి వంతు వస్తె వాళ్లియ్యాలె" అన్నాడట. నర్సిరెడ్డి ఆ ఎంగిలి నీళ్లు తాగాడు. చూస్తున్న ముసలివాళ్లలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుందని లింగయ్య చెప్పాడు.

ఆ ఏర్పాటు దాదాపు ఏడాదిన్నర నడిచింది. కరోనా రోజుల్లో బస్సులు, చాయ్ డబ్బాలు అన్నీ ఆగినా లింగయ్య ఆటో ఆగలేదు, మా మిషన్లూ ఆగలేదు. మిగిలిన భూమిని నర్సిరెడ్డి అమ్మలేదు. ఏసోబు కొడుక్కి కౌలుకిచ్చాడు. తోడు రావలసిన పని లేక మార్తమ్మ అదే చేలో పత్తి ఏరింది. ఇద్దరు రోగులు నాలుగు గంటలు పడుకుని ఆ పత్తి ధర గురించి తగవు పడేవాళ్లు. ఆ రోజుల్లో నేను అమ్మకు ఫోన్ చేసి వాళ్ల ముచ్చట్లు చెప్పేదాన్ని.

తర్వాత ఒక సోమవారం ఆటోలో నర్సిరెడ్డి ఒక్కడే దిగాడు. తెల్లవారుజామున ఏసోబు గుండె ఆగిపోయింది. రెండు రోజుల ఎడం తర్వాత వచ్చే సోమవారం డయాలిసిస్ రోగులకు కష్టమైన రోజు, మాకందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? "మట్టి ఇచ్చేది మాపటికట. నువ్వు దవాఖానకు పోయి రా పటేలా అని మార్త పంపింది" అన్నాడాయన. ఆ రోజు పక్క మంచం ఖాళీగా ఉంది. బుధవారానికి వరుసలో ఎదురుచూస్తున్న ఇంకొక మనిషిని పిలిచారు. మంచం ఖాళీగా ఉంచడానికి లేదు, బయట ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. కొత్తగా వచ్చినతను తువ్వాలు మొహం మీద కప్పుకుని పడుకున్నాడు. నర్సిరెడ్డి గోడవైపు తిరిగాడు.

ఆ తర్వాత నర్సిరెడ్డి బరువు ఎప్పుడూ పెరగలేదు. ఎప్పుడు తూచినా డ్రై వెయిట్‌కు దగ్గరగానే ఉండేది. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరుగారు చూసి, "చాలా మంచి కంట్రోల్. మిగతావాళ్లు ఈయన్ని చూసి నేర్చుకోవాలి" అని మెచ్చుకున్నారు. ఆయన చిన్నగా నవ్వాడు. నాకు ఆ నవ్వు నచ్చలేదు.

సాయంత్రం లింగయ్య కోసం వరండా బల్ల మీద ఒంటరిగా కూర్చున్నాడు. పక్కన నిలబడి అడిగాను.

"వాడకు పోతలేవా?"

"పోతున్న బిడ్డా. రోజు పోతున్న."

"నీళ్లిస్తలేరా?"

"ఏసోబు పోయినంక భయపడుతున్నరు. నీళ్లిచ్చి మేం చంపినట్టయితదని. మార్త గడపలకు వస్తది, నన్ను సూస్తది, లోపలికి పోతది. నా మంచికే. ఎవల తప్పు లేదు." గేటు వైపు చూస్తూ, "మంచిగున్నది గద బరువు" అన్నాడు.

నేను లోపలికి వెళ్లాను. నా డబ్బాతో పాటు తెచ్చుకునే స్టీలు గ్లాసు ఉంది. నా సీసాలోంచి దాని నిండా నీళ్లు పోశాను. ఆయనకు అర గ్లాసు పట్టే చోటు ఆ రోజు ఉంది, తూచింది నేనే కదా. ఆయనకు సగం చాలని, గ్లాసు ఇస్తూ చెబుదామనుకున్నాను. వరండాలోకి తెచ్చి చాచాను.

"తాగు పెద్దనాయినా."

అన్నాళ్లూ ఆయన్ని గారూ అని పిలిచినదాన్ని, ఆ మాట ఎట్లా వచ్చిందో తెలియదు. ఆయన గ్లాసు వైపు, నా వైపు చూశాడు. చెయ్యి చాచలేదు. ఒక్క క్షణం నాకు ఆ మొదటి ఇంటావిడ, ఆ మూసిన తలుపు గుర్తొచ్చాయి.

"సగం నువ్వు తాగియ్యి బిడ్డా" అన్నాడు.

సగం తాగాను. మిగతా సగం ఇచ్చాను. ఆయన మెల్లగా, ఒక్కొక్క గుక్కా నోట్లో ఉంచుకుని తాగాడు. తర్వాత లింగయ్య ఆటో వచ్చింది.

ఇప్పటికీ అదే సెంటర్‌లో పనిచేస్తున్నాను. మిషన్లు పెరిగాయి, రోగులూ పెరిగారు. బరువు ఎక్కువై వచ్చినవాళ్లను మొదట్లోలాగా ఎన్ని నీళ్లు తాగావని అరవడం మానేశాను. ఎవలిచ్చిండ్రు అని అడుగుతాను. అత్త ఇచ్చిందనో, చుట్టాలింట్లో కాదనలేకపోయాననో చెబితే, ఆ ఇచ్చినవాళ్లను పిలిపించి మాట్లాడతాను, ఏదో ఒక దారి దొరుకుతుంది. కొందరు మాత్రం "ఎవలిస్తరు మేడం, నేనే ముంచుకొని తాగిన" అంటారు. అట్లా అన్నవాళ్ల మంచం పక్కకు నా స్టూలు జరుపుకుని, ఆ నాలుగు గంటలూ అక్కడే కూర్చుంటాను.